ఇషా ఇండియాలో ఉంది

శుక్రవారం పొద్దున్న ఫోన్ మోగేసరికి శశికళ మిక్సీలో పెసరపిండి రుబ్బుతోంది. సాయంత్రం కూతురు ఇషా వస్తుంది. వారం రోజుల మాసిన బట్టలు సంచిలో కుక్కుకుని, వస్తూనే చెప్పులైనా విడవకుండా పెసరట్టు అడుగుతుంది. పిల్ల చదివే కాలేజీ, అమెరికాలో వాళ్ళుండే ఎడిసన్‌కి అరగంట దూరం కూడా ఉండదు. అయినా శశికళకి ప్రతి శుక్రవారమూ పండగే.

ఫోన్లో ఎవరో అమెరికన్ ఆవిడ. గొంతు మెత్తగా ఉంది. బోన్ మారో దాతల రిజిస్ట్రీ నుంచి మాట్లాడుతున్నానని, ఇషా కావాలని అడిగింది. ఇంట్లో లేదని శశికళ అంటే విషయం చెప్పింది. బ్లడ్ క్యాన్సర్‌తో ఆరేళ్ళ బిడ్డ ఆసుపత్రిలో ఉంది. ఎముకల్లోని మూలుగ మారిస్తే బతికే అవకాశం ఉంది. అది ఎవరిది పడితే వాళ్ళది కలవదు, భారతీయుల బిడ్డకి ఎక్కువగా భారతీయులదే కలుస్తుంది. రిజిస్ట్రీ అంతా వెతికితే ఇషాది ఒక్కటే కలిసింది. ఎంత త్వరగా వస్తే అంత మంచిది. ఇన్ని వివరాలు ఆవిడ ఎవరికిపడితే వాళ్ళకి చెప్పకూడదేమో. ఎత్తింది తల్లి కదా, తల్లికైతే తొందరగా అర్థమవుతుందని అనుకుంది పాపం.

అర్థమైంది. బాగానే అర్థమైంది. శశికళ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

“ఇషా ఇండియాలో ఉంది,” అంది. “చదువుకోడానికి వెళ్ళింది. ఏడాది దాకా రాదు.”

అక్కడి నంబరు ఇమ్మని ఆవిడ బతిమాలింది. పల్లెటూరు, ఫోన్ లేదంది శశికళ. ఫోన్ పెట్టేసి, మిక్సీ మళ్ళీ ఆన్ చేసింది. పిండిలో అల్లం వెయ్యడం మర్చిపోలేదు కూడా.

అసలు ఇషా పేరు ఆ రిజిస్ట్రీలో ఎక్కించింది ఆ పిల్ల తండ్రే. కేశవరావు కిందటేడు తెలుగు సంఘానికి సెక్రటరీ. దీపావళి ఫంక్షన్లో మైకు పుచ్చుకుని, మన పిల్లల్ని మనం కాక ఎవరు కాపాడతారని గొంతు వణికించి మాట్లాడాడు. చప్పట్లు మోగుతుండగా కూతుర్ని వరసలో అందరికంటే ముందు నిలబెట్టాడు. పిల్ల బుగ్గలోపల దూదిపుల్లతో శాంపిల్ తీయించుకుంటుంటే పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఫారం తనే నింపి ఇంటి నంబరు వేశాడు. అలాంటి పిలుపు నిజంగా వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఇషా మాత్రం దాన్ని ఫొటోలాగా తీసుకోలేదు. కాలేజీలో ఒక క్లబ్బు ఉంది. జీవితాంతం ఎవరికి ఏమివ్వాలో ఇప్పుడే, జేబులో ఏమీ లేనప్పుడే నిర్ణయించుకోండని వాళ్ళ పద్ధతి. ఆ పిల్ల అది మనసుకి ఎక్కించుకుంది. మొదటి జీతం నుంచి ఆఖరి జీతం దాకా పదో వంతు ఇవ్వాలని, జీతం వచ్చేదాకా ఒంట్లో ఉన్నది, చేతిలో ఉన్న టైము ఇవ్వాలని గీత గీసుకుంది. ఒకరోజు అన్నం దగ్గర అదంతా చెబితే కేశవరావు నవ్వాడు. ముందు జీతం రానీ, తర్వాత పంచిపెడుదువుగాని అన్నాడు. పెళ్ళయ్యాక మీ ఆయన ఒప్పుకోవద్దూ అని శశికళ దెప్పింది.

“అందుకే ఇప్పుడే డిసైడ్ చేసుకున్నా,” అంది ఇషా. “తరవాత అందరి పర్మిషన్ కావాలి కదా.”

ఆ సాయంత్రం కేశవరావు ట్రైన్ దిగి ఇంటికి రాగానే శశికళ ఫోన్ సంగతి చెప్పింది. మంచి పని చేశావన్నాడాయన. కలిసింది ఇషాది ఒక్కటేనన్న ముక్క మాత్రం ఆవిడ మొగుడికి కూడా చెప్పలేదు. ఇషా వచ్చింది, మూడు పెసరట్లు తింది, అల్లం బాగా పడిందని మెచ్చుకుంది. శశికళ నాలుగోది వెయ్యనా అని అడిగింది.

నెలన్నర గడిచింది. మొదట్లో ఫోన్ మోగినప్పుడల్లా శశికళ నంబరు చూసిగాని ఎత్తేది కాదు. తర్వాత అదీ అలవాటైపోయింది.

గుడ్ ఫ్రైడే నాడు కేశవరావుకి ఆఫీసు సెలవు. కాఫీ తాగుతూ టీవీ ముందు కూర్చున్నాడు. ఇషా మామూలు కంటే ముందే, పొద్దున్నే వచ్చింది. చేతిలో బట్టల సంచి లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా అడిగింది.

“అమ్మా, నేను ఇండియా నుంచి ఎప్పుడొచ్చాను?”

శశికళ స్టవ్ తగ్గించింది. ఏం మాట్లాడుతున్నావే అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఇషా స్నేహితురాళ్ళతో కలిసి అపార్ట్‌మెంట్‌కి మారుతోంది. కొత్త నంబరు ఇద్దామని నిన్న రిజిస్ట్రీకి ఫోన్ చేస్తే, అక్కడి అమ్మాయి ఇండియా నుంచి ముందే వచ్చేశారా అని సంతోషపడిందట. ఎవరికో తన మూలుగ కలిసిందని అప్పుడు తెలిసింది. ఆ కేసు ఇప్పుడెలా ఉందో కనుక్కుని ఇవాళ ఫోన్ చేస్తానని చెప్పిందట.

అడ్డంగా దొరికిపోయాక శశికళకి భయం పోయి కోపం వచ్చింది.

“అవును, చెప్పాను. ఎముకలోకి ఇంత సూది దింపుతారట. రేపు నీకేదైనా అయితే? పెళ్ళివాళ్ళు అడిగితే ఏం చెప్పను, మా పిల్ల ఎవరికో ఎముక దానం చేసిందని చెప్పనా?”

“ఎముక కాదమ్మా. అది మళ్ళీ వచ్చేస్తుంది. నువ్వు అడిగావా వాళ్ళని? ఏమీ అడగలేదు.”

కేశవరావు లేచి వచ్చాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం తన కూతురి నడుము పొడవనివ్వనని తేల్చేశాడు. మరి స్టేజీ మీద ఏం చెప్పారు డాడీ అని ఇషా అడిగితే, అది నలుగురికీ చెప్పే మాట అన్నాడు. అన్నందుకు సిగ్గు కూడా పడలేదు.

“నువ్వు తినేది మా తిండి, నీ ఫీజు కట్టేది నేను,” అన్నాడు. “ఆ ఒళ్ళు కూడా మేమిచ్చిందే. దాన్ని దానం చెయ్యడానికి నువ్వెవరు?”

 కాని ఆ పిల్లకీ తల్లిదండ్రుల నోరే వచ్చింది.

“మీరు గుళ్ళో ఇస్తారు, పేరు చదివిస్తారు, శాలువా కప్పించుకుంటారు. మీకు నొప్పి పుట్టేది ఒక్కటైనా, ఎప్పుడైనా, ఎవరికైనా ఇచ్చారా?”

“నిన్ను కన్నానే,” అంది శశికళ. 

“అది నీ కోసం కన్నావు. నా కోసం కాదు.”

 ఇషా అక్కడితో వదల్లేదు. డబ్బు ఎవరిదైనా పనికొస్తుంది, తను మానేస్తే ఇంకొకళ్ళిస్తారు. జీవితమంతా ఇవ్వాలనుకున్నవాటిల్లో తనది తప్ప ఇంకెవరిదీ పనికిరానిది బహుశా ఇదొక్కటే. దానికి జవాబు నువ్వెలా చెప్పావమ్మా అని అడిగింది. 

అంతలో ఇషా సెల్ మోగింది. పిల్ల వెనక్కి తిరిగి, గోడకేసి నిలబడి విన్నది. అవునంది, సరేనంది, చివరికి థాంక్యూ అంది. ఫోన్ మూసి ఇటు తిరిగింది.

“ఇంక నీడ్ లేదట,” అంది. “ఎందుకో చెప్పరట. రూల్స్.”

 కేశవరావు గట్టిగా ఊపిరి వదిలి, ఆ మాటని రెండు చేతులా అందుకున్నాడు. ఇంకెవరో దాత దొరికే ఉంటారన్నాడు. అమెరికాలో ఇంతమంది మనవాళ్ళుండగా ఒక్కరు దొరకరా, ఆపరేషన్ అయిపోయి ఆ బిడ్డ ఈపాటికి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుందన్నాడు. ఆయన చెబుతున్నకొద్దీ అది నిజంలాగే వినిపించింది. ఇంత గొడవ దేనికి తల్లీ అని కూతురి తల నిమిరాడు.

ఎంత చదివినా పందొమ్మిదేళ్ళ పిల్ల. నమ్మాలని ఉంది దానికి.

“నిజంగా అంతే అంటావా డాడీ?”

అంతేనమ్మా అన్నాడు కేశవరావు. ఇషా కళ్ళు తుడుచుకుని తల్లి దగ్గరికి వచ్చింది. సారీ అమ్మా, కనడం గురించి అలా అనకుండా ఉండాల్సింది అంటూ, చిన్నప్పటిలాగా భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. శశికళ చెయ్యి తనంతట తనే ఆ జుట్టు మీదికి వెళ్ళింది. ఇంక ఆవిడ చెయ్యవలసింది ఏమీ లేదు. నోరు మూసుకుంటే చాలు. కూతురు దక్కుతుంది, ఇల్లు కుదుటపడుతుంది, అడిగేవాళ్ళు ఉండరు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, మొగుడు ఆడిన మాటకి ఊరుకోవడమే.

“ఇంకెవరూ లేరమ్మా,” అంది శశికళ.

కేశవరావు శశీ అని హెచ్చరించబోయాడు. ఆవిడ ఆగలేదు.

“నీదొక్కటే కలిసింది. ఫోన్ చేసినావిడ నాకు ఆ రోజే చెప్పింది. తొందరగా రమ్మని బతిమాలింది కూడా.”

భుజం మీది తల లేచింది. ఇషా రెండడుగులు వెనక్కి వేసి, కొత్త మనిషిని చూసినట్టు తల్లిని చూసింది. కేశవరావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. 

“చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు,” అంది ఇషా. “ఎందుకు చెప్పావు?”

“నువ్వు నా భుజం మీద వాలితే నీ బరువు తెలిసింది,” అంది శశికళ. “ఆ బిడ్డకీ ఒక తల్లి ఉంటుంది కదా. ఆవిడ భుజం మీద ఇప్పుడేముంది? ఆవిడ బిడ్డని ఆవిడ దగ్గర లేకుండా చేసి, నా బిడ్డని నేనెలా పట్టుకోను?”

 శశికళ స్టవ్ పక్కన నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.  గుమ్మం అక్కడే ఉంది, కారు తాళాలు ఇషా చేతిలోనే ఉన్నాయి. చివరికి వచ్చి తల్లికి ఎదురుగా నేల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు.

“ఏజ్ ఎంతో చెప్పిందా?”

“ఆరేళ్ళు.”

“బాబా, పాపా?”

శశికళ తల అడ్డంగా ఊపింది. “అడగలేదు. అడిగితే ఫోన్ పెట్టెయ్యలేనని తెలుసు. అందుకే అడగలేదు.”

ఇషా అప్పుడు ఏడ్చింది. తల్లిని క్షమించి కాదు. అంత త్వరగా క్షమించే పిల్ల కాదు, అది క్షమించే విషయమూ కాదు. అయినా లేచి వెళ్ళిపోలేదు. వాడనాలో అదనాలో కూడా తెలియని ఆ బిడ్డ కోసం తల్లీకూతుళ్ళిద్దరూ వంటింటి నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఏడ్చారు.