రొయ్యపప్పు రుచి మరిగిన తాబేలు

కెజియా స్కూలు బ్యాగు కూడా దించకుండా వసారాలోకి పరిగెత్తింది. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో, ఇటుక మీద బూరె కూర్చుని ఉంది.

బూరె అంటే తినే బూరె కాదు. తాబేలు పిల్ల. గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉంటుందని నాయనమ్మ బుల్లెమ్మ దానికి ఆ పేరు పెట్టింది.

"బూరే! నేనొచ్చేసేను!" అంది కెజియా తొట్టి మీదికి వంగి.

బూరె మెడ సాచి ఓసారి చూసింది. చూసి, తల లోపలికి లాక్కుంది.

అంతలో తమ్ముడు శామ్యూల్ వచ్చాడు. వాడు ఒకటో తరగతి. వాడి చేతిలో మునగాకు ఉంది. వాడింకా పిలవనైనా లేదు. బూరె బుడుంగున నీళ్ళలోకి దూకి, నాలుగు కాళ్ళూ ఆడిస్తూ వాడి వేళ్ళ దగ్గరికి ఈదుకుంటూ పోయింది.

"చూడక్కా, నన్ను గుర్తుపట్టేసింది!" అని శామ్యూల్ మురిసిపోయాడు.

కెజియాకి ఒళ్ళు మండింది. బూరెని బాబాయి విశాఖపట్నం నుంచి తెచ్చింది ఎవరి పుట్టినరోజుకి? తన పుట్టినరోజుకి! వీడి పుట్టినరోజుకి వీడికి సైకిలు కొనలేదూ? అది చాలదూ?

"అది నా తాబేలు. నువ్వు ముట్టుకోకు" అంది.

నాయనమ్మ వసారాలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. "పొద్దున్నే లేచి దానికి మేత వేసేది వాడు. నీళ్ళు మార్చేది వాడు. పెట్టిన చేతిని కాకపోతే ఇంకెవర్ని వెతుక్కుంటుందే అది?" అంది.

ఆ మాట నిజమే. కానీ కడుపు మండుతున్నప్పుడు నిజం ఎవరి చెవికెక్కుతుంది? కెజియా చెవికి మాత్రం ఎక్కలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచించింది. బూరెకి రోజూ పెట్టేదేమిటి? నాలుగు మేత గింజలు, మునగాకు. ఇవి కాక తొట్టిలో ఎప్పుడూ ఒక సముద్రపు నురుగు ముక్క తేలుతూ ఉంటుంది. పేరుకి నురుగే గానీ, నిజానికి అదొక సముద్ర జీవి ఎముక, చూడ్డానికి పెద్ద సుద్దముక్కలా ఉంటుంది. అంతర్వేది బీచిలో ఏరుకొచ్చిందే. దాన్ని కొరుక్కుంటే కాల్షియం వస్తుందనీ, కాల్షియం ఉంటేనే పిల్ల తాబేలు డిప్ప గట్టిపడుతుందనీ బాబాయి చెప్పాడు.

"ఆకులకే అంత ఈత ఈదితే, రొయ్యపప్పు పెడితే ఇంకెంత ఈదుతుందో!" అనుకుంది కెజియా. తనకి మునగాకు పప్పంటే పడదు. రొయ్యపప్పు వేసిన కూరైతే రెండోసారి అడిగి మరీ వడ్డించుకుంటుంది.

మర్నాడు కెజియా వంటింటి అలమరలోంచి నాయనమ్మ డబ్బాని బయటికి తీసింది. పెంకు ఒలిచి ఎండబెట్టిన రొయ్యపప్పు అందులో నిండుగా ఉంది. గుప్పెడు తీసి జేబులో పోసుకుంది. శామ్యూల్ వీధిలో ఆడుకుంటున్నప్పుడు ఒక పలుకు నానబెట్టి బూరెకి అందించింది.

బూరె గబుక్కున అందుకుంది. ఇంకోటి. ఇంకోటి. కెజియా వేలిని కూడా పట్టుకు లాగింది. కెజియాకి చక్కిలిగింత పెట్టినట్టయింది.

ఆ రోజు నుంచి అదే పని. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి, దొంగచాటుగా రొయ్యపప్పు. రుచి మరిగిన బూరె, కెజియా నీడ కనిపిస్తే చాలు, నీళ్ళు చిందేలా ఈదుకొచ్చేది. శామ్యూల్ వేసిన మునగాకు తొట్టిలో అలా తేలుతూ ఉండిపోయేది. సముద్రపు నురుగు మీద ఒక్క గాటు కూడా పడేది కాదు. మేత గింజలు నీళ్ళలో నాని ఉబ్బిపోయేవి.

"నా చెయ్యి వాసనొస్తోందా అక్కా?" అని అడిగాడు శామ్యూల్ ఒకరోజు, అరచెయ్యి కెజియా ముక్కు దగ్గర పెట్టి.

"ఏమో!" అంది కెజియా. లోపల ఎంత సంతోషమో!

వాడు వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొచ్చాడు. మళ్ళీ ఆకు పట్టుకుని కూర్చున్నాడు. బూరె వాడి వైపు తిరగలేదు. వాడు మళ్ళీ వెళ్ళి కడుక్కొచ్చాడు.

వానలు మొదలయ్యాయి. ఎండ మొహం చూసి చాలా రోజులైంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్న కృపానందం తొట్టి కడుగుదామని బూరెని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన బొటనవేలు తగిలినచోట డిప్ప అంచు అట్టముక్కలా లోపలికి నొక్కుకుపోయింది.

"అయ్యో! ఇదేంటిలా మెత్తబడిపోయింది? శామ్యూల్, మేత సరిగ్గా పెట్టట్లేదా?"

"పెడుతున్నాను నాన్నా. అదే తినట్లేదు" అంటూ వాడు ఏడుపు మొదలెట్టాడు.

కెజియా దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున్నే బూరెని ఒక డబ్బాలో పెట్టుకుని నాన్నా, పిల్లలిద్దరూ పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు శ్రీకళ గారు అప్పుడే ఒక గేదెని చూసి, చేతులు కడుక్కుని వచ్చారు. బూరెని తిరగేసి, బోర్లించి చూశారు.

"ఏం పెడుతున్నారండీ?"

"మేత గింజలు, మునగాకు, సముద్రపు నురుగు పెడుతున్నామండీ. కొన్నాళ్ళ నుంచి ఏదీ ముట్టట్లేదు" అన్నాడు నాన్న.

డాక్టరుగారు ఆలోచనలో పడ్డారు. "ఏమీ తినకపోతే ఇంత బరువుండదండీ. లోపల ఇంకేదైనా జబ్బు ఉందేమో. ఇంజెక్షన్ మొదలుపెట్టి చూద్దాం. ఇంత చిన్నదానికి సూదంటే తట్టుకోవడం కష్టమే అనుకోండి, కానీ తప్పేలా లేదు" అన్నారు.

సూది కంటే బూరె కాలు ఎంతో పెద్దది కాదు. కెజియా గబుక్కున ముందుకొచ్చింది.

"వద్దండీ! జబ్బు కాదండీ. నేను రొయ్యపప్పు పెట్టేనండీ" అంది. "రోజూ పెట్టేనండీ. అది నా దగ్గరికే రావాలని."

శామ్యూల్ అక్క మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఒలిచిన రొయ్యపప్పా?" అడిగారు డాక్టరుగారు.

"ఆయ్."

"కాల్షియం ఎక్కువగా ఉండేది పెంకులోనేనమ్మా. ఆ పెంకు లేని మెత్తటి పప్పుకి ఇది మరిగిపోయింది. ఆకూ నురుగూ మానేసింది. పైగా ఎండ లేదాయె. మంచిపని చేసేవు, ఇప్పుడైనా చెప్పేవు. సూది అక్కర్లేదు." ఆవిడ నాన్న వైపు తిరిగారు. "కాల్షియం చుక్కలు రాస్తానండీ. పొద్దుటెండ తగలనివ్వండి. ఆకు, మేత గింజలే పెట్టండి. కొన్నాళ్ళు మొండికేస్తుంది. జాలిపడి రొయ్యపప్పు పెట్టేరో, మళ్ళీ మొదటికొస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు బండి మీద కెజియా వెనక, శామ్యూల్ మధ్యలో కూర్చున్నారు. వాడు ఊళ్ళోకి వచ్చాక తల తిప్పి, "అయితే నా చెయ్యి వాసన రావట్లేదన్నమాట!" అన్నాడు.

వాడి మొహం వెలిగిపోతోంది. కెజియాకి కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

"రావట్లేదురా. ఎప్పుడూ రాలేదు" అంది.

మర్నాడు కెజియా అందరికంటే ముందే లేచి, మునగాకు దూసి వసారాలోకి వచ్చింది. ఎండ పడేచోటికి తొట్టి జరిపింది. ఆమెని చూడగానే బూరె నీళ్ళు చిందిస్తూ ఈదుకొచ్చి నోరు తెరిచింది. కెజియా ఆకు పెట్టింది. బూరె ఉమ్మేసి, మళ్ళీ నోరు తెరిచింది.

శామ్యూల్ అవతలి వైపు కూర్చుని ఆకు పట్టుకున్నాడు. బూరె వాడి వైపు చూడనైనా లేదు. కెజియా ఎటు జరిగితే అటే ఈదింది. తనని తప్ప ఇంకెవర్నీ చూడకూడదనేగా కెజియా కోరుకుంది! ఇప్పుడు అది అలాగే చూస్తోంది, ఆకలితో.

కెజియా లేచి లోపలికి వెళ్ళి గుమ్మం కర్టెన్ వెనక నిలబడింది.

"నేను కనిపిస్తుంటే రొయ్యపప్పు కోసమే చూస్తుందిరా. నువ్వు పెట్టు" అంది.

ఆ రోజు బూరె తినలేదు. ఆ మర్నాడూ తినలేదు. కెజియా పొద్దున్నే ఆకు దూసి శామ్యూల్‌కి ఇవ్వడం, కర్టెన్ వెనక్కి వెళ్ళిపోవడం మానలేదు. తమ్ముడు అచ్చం నాయనమ్మలా "తిను తల్లీ, ఒక్కటి తిను" అని బతిమాలుతుంటే అక్కణ్ణుంచే వినేది.

ఒకరోజు బతిమాలడం మధ్యలోనే ఆగిపోయింది.

"తింటోందక్కా! నా చేతిలోదే తింటోంది! రా, చూద్దువుగాని!"

కెజియా కర్టెన్ పట్టుకుని ఒక అడుగు ముందుకి వేసింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నేను రానురా. ఇంకో ఆకు పెట్టు."