ప్రార్థన గొలుసు

స్నానాల గదిలో అద్దం కింద గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి తల వాల్చుకుని ఉన్నాయి. నీలంది ఆయనది, పచ్చది ఆమెది. పెళ్ళయి ఏడు నెలలు దాటినా పొద్దున్నే వాటిని చూస్తే ఆమెకు నవ్వొచ్చేది. ఇంత చిన్న దానికి ఇంత సంతోషమేమిటో అని తనను తానే ఆటపట్టించుకునేది. ఈ పదకొండు రోజులుగా మాత్రం ఆ నవ్వు పెదవి దాకా వచ్చి ఆగిపోతోంది.

పదకొండు రోజుల కిందట ఆమె కడుపులోని బిడ్డ నిలవలేదు. పది వారాల బిడ్డ. ఆ సంగతి ఆమెకు, భర్తకు, ఆసుపత్రిలో డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మూడో నెల నిండాక అత్తయ్యకు చెప్పాలని, అప్పుడావిడ ఎగిరి గంతేస్తుందో కుట్టుమిషను మీదే కూలబడుతుందో అని మొగుడూ పెళ్ళాలు పందెం వేసుకుని మరీ దాచుకున్న శుభవార్త అది. శుభవార్తే చెప్పనివాళ్ళు ఇక దుర్వార్తను ఏ నోటితో చెబుతారు? జ్వరమని నాలుగు రోజులు మంచం మీద ఉండి, ఐదో రోజు లేచి పనిలోకి వెళ్ళింది.

వంటగదిలోకి రాగానే అత్తయ్య గ్లాసు చేతికిచ్చింది.

"వేడి పాలు. నిలబడకు, కూర్చుని తాగు."

"నాకెందుకు అత్తయ్యా? నేను టీ తాగుతాగా."

"చెప్పిన మాట విను తల్లీ." ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కోడలి మొహం వైపు చూడకుండా స్టవ్వు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

వరండాలో ఆయన బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పిన డ్రైవింగ్ సారు. ఆమె కూడా సరదాకి 'సారూ' అనే పిలుస్తుంది.

"సారూ, పాలిష్ పెడుతున్నారా, తోలు ఒలుస్తున్నారా?"

ఆయన నవ్వాడు కానీ తలెత్తలేదు. ఏదో తేడాగా ఉందనిపించింది. అడుగుదామనుకుంది. ఇంతలో టైమైపోయింది.

అత్తయ్య ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. ముందుగదే ఆవిడ షాపు. అయితే చర్చి సంఘంలో ఆవిడకు పేరు తెచ్చింది కుట్టు కాదు, ప్రార్థన గొలుసు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఆవిడకు ఫోన్ వస్తుంది. ఆవిడ ఇద్దరికి చేస్తుంది. ఆ ఇద్దరూ తలా ఇద్దరికి చేస్తారు. పొయ్యి మీది పాలు పొంగేలోగా నలభై ఇళ్ళలో మోకాళ్ళు వంగుతాయి. వెనకాల అందరూ 'గొలుసమ్మ' అంటారు. ఎదురుగా అన్నా ఆవిడ మురిసిపోతుంది.

కోడలు పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. వదులైన ఫ్రేములు బిగించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టడం ఆమె పని. కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్ళు బోర్డు మీద అక్షరాలు కనబడగానే మొహం విప్పార్చుకుంటే, ఆ వెలుగంతా తనే ఇచ్చినట్టు పొంగిపోయేది. ఆ రోజు ఇంకా మొదటి ఫ్రేము చేతిలో ఉండగానే సంఘంలోని పెద్ద నర్సమ్మ లోపలికొచ్చింది. ఆవిడ రిటైరై పదేళ్ళయినా ఊరంతటి నాడీ ఆవిడ చేతిలోనే ఉంటుంది.

"వందనాలండీ. మీ అద్దాలు వచ్చేశాయి," అంది ఆమె.

"అద్దాలెక్కడికి పోతాయే! నిన్ను చూద్దామనే వచ్చా." నర్సమ్మ కౌంటరు మీదుగా వంగి రెండు చేతులూ పట్టుకుంది. "పొద్దున ఏడున్నరకే తెలిసింది తల్లీ. అప్పట్నుంచీ నీ కోసం మోకాళ్ళ మీదే ఉన్నా. దిగులు పెట్టుకోకు. పిండంలో ఏదో లోపం ఉండే ఉంటుంది. ప్రభువు ముందే తీసేసుకున్నాడు. అంతా మన మంచికే."

ఆమె చేతిలోని చిన్న స్క్రూ జారి నేల మీద ఎటో దొర్లిపోయింది. అద్దం ముందు ఫ్రేములు పెట్టి చూసుకుంటున్న ఎవరో కుర్చీలోంచి ఇటు తిరిగారు.

పదకొండింటికి సంఘంలోని ట్యూషన్ ఆంటీ వచ్చింది. ఆవిడకు కళ్ళజోడే లేదు.

"గర్భసంచి తీసేశారటగా? అయ్యో, పెళ్ళయి ఏడాదైనా తిరగలేదే! పోనీలే, పెంచుకోవడానికి పిల్లలే కరువా?"

"ఎవరు చెప్పారండీ మీకు?" తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినబడింది.

"ఎవరంటే? గొలుసులో వచ్చిందమ్మా."

ఆమె వంగి, పోయిన స్క్రూ కోసం వెతుకుతున్నట్టు కౌంటరు కింద కూర్చుండిపోయింది. ఆంటీ వెళ్ళాక షాపు ఓనరు మంచినీళ్ళ సీసా కిందికి అందించి, "ఇంటికెళ్ళమ్మా, ఇవాళ్టికి చాలు," అన్నాడు. ఆయనా విన్నాడన్నమాట.

ఆమె ఇల్లు చేరేసరికి అత్తయ్య మిషను మీద ఉంది. ఆయన భోజనానికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"అత్తయ్యా, నా సంగతి మీకెవరు చెప్పారు?"

మిషను ఆగింది. అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఆయన చేతిలోని ముద్ద కంచంలోకి జారింది.

"నేనే చెప్పాను," అన్నాడు. "నిన్న సాయంత్రం."

"మీరా?"

"వాణ్ణేమీ అనకు," అంది అత్తయ్య. "కడుపులో దాచుకోలేక చెప్పాడు. పాపం, నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడమ్మా."

"ఏడ్చినవాడి తల నిమరాలి గానీ అత్తయ్యా, తెల్లారగానే ఊరంతా ఫోన్లు చేస్తారా? నాకు గర్భసంచే లేదని చెప్పిపోయారు షాపుకొచ్చి! నా ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా విన్నారు!"

"నేనలా చెప్పలేదు. ఒట్టు. బిడ్డ నిలవలేదు, ప్రార్థన చెయ్యండి అన్నాను, అంతే. ఒకరి భారం ఒకరు మొయ్యాలని దేవుడి వాక్యం చెప్పట్లేదా?"

"మొయ్యమంది అత్తయ్యా. టముకు వెయ్యమనలేదు."

అత్తయ్య మొహం ఎర్రబడింది. "ప్రార్థన నీకు టముకులా ఉందా? ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను ఈ గొలుసు. ఎంతమంది మంచాల మీద నుంచి లేచారో తెలుసా? నా కోడలి కోసం నలుగురి చేత దేవుణ్ణి అడిగించుకోవడం తప్పా? పెళ్ళిలో పాస్టరు గారు ప్రేమ గురించి అంతసేపు చెప్పారే, మరి ప్రేమంటే ఇది కాదా?"

"అడిగారు. నలభై ఇళ్ళవాళ్ళని అడిగారు. నన్నడిగారా? పక్క గదిలోనే ఉన్నాను. నిన్న సాయంత్రం తెలిసింది మీకు. తలుపు తోసుకుని వచ్చి మంచం మీద ఒక్క నిమిషం కూర్చున్నారా? దేవుడికి నా సంగతి మీరు చెబితే గానీ తెలియదా అత్తయ్యా? నాకు కావలసింది మీరు."

అత్తయ్య చేతిలోని గుడ్డను మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

"నాకేం మాట్లాడాలో తెలియలేదే," అంది చివరికి. "దేవుడితో అయితే మాట్లాడగలను. మనుషుల మొహం చూసి మాట్లాడటం నాకు రాదు."

"అక్క విషయంలోనూ ఇదే చేశావమ్మా," అన్నాడు కొడుకు మెల్లిగా.

అక్క పేరెత్తితే ఆ ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యవు. టీచరుగా పనిచేసే ఆడపడుచు ఊరికి అవతలి వైపు హాస్టల్లో ఒక్కతే ఉంటుందనీ, గర్వంతో ఇంటికి దూరమైందనీ మాత్రమే కోడలికి తెలుసు. అసలు సంగతి ఇప్పుడాయన చెప్పాడు. ఐదేళ్ళ కిందట, పెళ్ళి కుదిరాక, ఆ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. భయపడి తల్లి ఒక్కదానికే చెప్పుకుంది. పెళ్ళికొడుకుతో తనే మాట్లాడతానంది. తల్లి తట్టుకోలేక గొలుసుకు అందించింది. ఆ నలభై ఇళ్ళలో పెళ్ళికొడుకు మేనత్త ఇల్లూ ఉంది.

"పెళ్ళి ఆగినందుకు కాదు అక్క వెళ్ళిపోయింది," అన్నాడాయన. "'ఇంక నా మాట పెట్టుకోవడానికి ఈ ఇంట్లో చోటు లేదు' అని వెళ్ళింది. తలుపేసుకుని రహస్యంగా దేవుణ్ణి అడగమని కూడా వాక్యంలోనే ఉంది కదమ్మా."

అత్తయ్య లేవలేదు. మిషను మీద రెండు చేతులూ పరిచి, వాటినే చూస్తూ కూర్చుంది. కోడలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుపు రాలేదు. కోపమంతా అయిపోయాక లోపల ఖాళీ ఒక్కటే మిగిలింది.

మూడింటికి ముందుగదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది. ఫోన్లో.

"నేనే. పొద్దున చెప్పిన మాట ఆ పిల్లని అడక్కుండా చెప్పాను. తప్పు నాది. నువ్వెవరికీ అందించకు, గొలుసు కాదిది. ఒక్కొక్కరికీ నేనే చేసుకుంటాను."

మళ్ళీ ఇంకొకరికి. "కాదండీ, గర్భసంచి తియ్యలేదు. ఆ మాట ఇంకెక్కడా అనకండి. ఆ పిల్ల కనబడితే పలకరించండి, అంతే. ఏమీ అడక్కండి." ఇంకొకరికి. "లేదు పిన్నీ, నాకు ఒంట్లో బాగానే ఉంది... ప్రార్థనేం వద్దు... అబ్బ, నాకు పిచ్చెక్కలేదు పిన్నీ!"

ఏడ్చే సమయంలో ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే, పదకొండు రోజులుగా ఆపుకున్నదంతా తోసుకొచ్చింది. దిండులో మొహం దాచుకుంది. కాసేపటికి తలుపు బయట ఏదో కదిలింది. తీసి చూస్తే ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"క్లాసుల్లేవా సారూ?"

"రద్దు చేశాను." ఆయన తలెత్తాడు. "నువ్వు నమ్మి నాకొక్కడికే చెప్పుకున్నావు. నేను దాచుకోలేకపోయాను. నిన్న ఒకావిడకి రివర్సు నేర్పుతున్నా. వెనక్కి తిరిగి చూడండి అన్నాను, నేనూ చూశాను. వెనక ఆగి ఉన్న కారులో చంటిపిల్లల సీటు కట్టి ఉంది. ఆవిడ దిగాక కారు పక్కకి ఆపేసి..." మాట పూర్తి కాలేదు.

ఆమె ఆయన పక్కనే చతికిలబడింది. బిడ్డ పోయింది తన ఒంట్లోంచి గనక దుఃఖమంతా తనదే అనుకుంది. పక్కన పడుకున్నవాడికి నిద్ర పడుతోందా అని ఒక్కసారి కూడా అడగలేదు. అత్తయ్యను అన్న మాటల్లో సగం తనకూ తగులుతాయి.

"ఇంకోసారి ఏడుపొస్తే నా దగ్గరికి రండి," అంది. "ముందు నా దగ్గరికే."

ఆయన తల ఊపాడు. ముందుగదిలోంచి అత్తయ్య గొంతు మళ్ళీ వినబడింది. ఈసారి వణుకుతూ.

"నేను... అమ్మని."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"కాదు, ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు నువ్వు నాకు చెప్పిన మాట నీదే. నాది కాదు. నాదన్నట్టు పంచిపెట్టాను. నువ్వు గర్విష్ఠివని ఐదేళ్ళుగా అందరికీ చెప్పుకున్నాను. అదీ అబద్ధమే... రమ్మనట్లేదే. రావాలని అడగట్లేదు. ఇది చెప్పడానికే చేశా."

ఆ తరవాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న చప్పుడు.

సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చే వేళకు తలుపు మీద సన్నగా తట్టారు.

"లోపలికి రావచ్చా?" అంది అత్తయ్య. ఇన్నాళ్ళలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదలు.

ఆయన లేచి చోటిచ్చి బయటికి వెళ్ళాడు. ఆవిడ మంచం చివర, దర్జీ దగ్గర కొలతలివ్వడానికొచ్చిన కొత్త మనిషిలా బిగుసుకుని కూర్చుంది. ప్రార్థన మొదలుపెడుతుందేమోనని ఆమె కళ్ళు మూసుకోబోయింది. ఆవిడ మొదలుపెట్టలేదు.

"వదిన ఏమందత్తయ్యా?"

"స్కూల్లో గంట కొట్టారు. వెళ్ళాలంది." అత్తయ్య ముక్కు తుడుచుకుంది. "పెట్టేసే ముందు 'మళ్ళీ చెయ్యి' అంది."

అత్తయ్య చెయ్యి మెల్లిగా జరిగి కోడలి పాదం మీద ఆగింది. వేళ్ళ కొసలు సూది గుచ్చుకుని గరుకుగా ఉన్నాయి. ఆ గరుకు పాదానికి తగిలాక ఆమె తనంతట తానే మాట్లాడింది.

"నాకు పాపే అనిపించింది అత్తయ్యా. ఎందుకో తెలియదు."

"పేరేమైనా అనుకున్నావా?"

ఆ మాట ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ అడగలేదు, నర్సమ్మ అడగలేదు, ఆయన కూడా అడగలేదు. బిడ్డ పోయింది అన్నారే గానీ ఆ బిడ్డకు ఒక పేరుంటుందని ఎవరికీ తోచలేదు. ఆమె ముందుకు వంగి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. రెండక్షరాల పేరు.

అత్తయ్య ఆమెను దగ్గరికి లాక్కుంది. "బాగుంది," అంది. "చాలా బాగుంది తల్లీ." ఇంకేమీ అనలేదు. ఆవిడ గుండె దడదడ కొట్టుకోవడం ఆమె చెంపకు తెలుస్తోంది. అలాగే ఏడ్చారు ఇద్దరూ, ఎండ మంచం దిగిపోయేదాకా.

గురువారం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో ఎవరి కోరికలు వాళ్ళు చెప్పుకునే మనవుల వేళ వచ్చింది. ఒకరి తరవాత ఒకరు లేచి కొడుకు ఉద్యోగమనీ మోకాళ్ళ నొప్పులనీ చెప్పారు. అత్తయ్య వంతు రాగానే అందరూ అలవాటుగా అటు తిరిగారు. పెద్ద నర్సమ్మ అయితే కళ్ళజోడు కూడా సవరించుకుంది.

"నాకు చెప్పాల్సింది ఏమీ లేదు," అని అత్తయ్య కూర్చుంది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. కోడలు మాత్రం తెరిచే ఉంచింది. పక్కన అత్తయ్య తల వంచుకుని ఉంది. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఒకసారి తెరుచుకున్నాయి, ఒకసారి కలుసుకున్నాయి. మళ్ళీ అలాగే. ఆ గదిలో అంతమంది ఆడవాళ్ళున్నా, ఆ రెండక్షరాలేమిటో తెలిసింది ఆమెకొక్కదానికే.