ఐదో వేలిముద్ర

2003 మే 14, బుధవారం. పొద్దున తొమ్మిదికే వడగాలి మొదలైంది. మధ్యాహ్నానికి అనంతపురం మీద ఎర్రదుమ్ము లేచి సూర్యుడు పసుపుముద్దలా కనిపించినాడు. ఉరవకొండ బస్సు దిగి మా గిరి కంప్యూటర్ అంగడికి నడిచేసరికి నా చొక్కా దుమ్ముకొట్టుకుపోయింది. కాలేజీ రోజుల్లో ఆ వీధిలోనే అద్దెకున్నాను. అప్పుడా అంగట్లో సైకిళ్లకు గాలి కొట్టేవాళ్లు. సరే, అది వేరే కథ.

గిరి నా చెల్లెలి కొడుకు. వెబ్‌సైట్లలో ఫారంతో పాటు జనం పంపే ఫోటోలు, కాగితాలు అందుకునే కోడ్ ముక్క ఒకటి రాసినాడు. సైజు చూస్తుంది, ఫోటోనా కాదా చూస్తుంది, కొత్త పేరు పెట్టి దాస్తుంది. ఆ ముక్కనే ఒక బడి అడ్మిషన్లకు, పెళ్లిసంబంధాల సైటుకు, గాలిమరల కంపెనీకి అతికించినాడు. ఒకే జత ఎద్దులతో మూడు చేన్లు దున్నినట్టు.

గాలిమరకు చేను ఇచ్చేవాళ్లు హక్కు కాగితం ఆ సైటులో పంపాలి. నా సంచిలో నా తోడబుట్టిన నల్లమ్మక్క వీలునామా ఉంది. నాలుగెకరాలూ నాకేనని. రాసింది నేనే. కింద వేలిముద్ర ఆమెదే... పోయిన నెల, ఊపిరి ఆగిన గంటకు, నేను చెయ్యి పట్టుకొని ఒత్తించింది. తొమ్మిదేళ్లు ఆమెకు గంజి పోసిన పొరుగింటి లక్ష్మక్క, శవానికి నీళ్లు కాగబెట్టడానికి బయటికి పోయినప్పుడు.

గిరి కాగితం స్కాన్ చేసి పంపినాడు. అందిన నకలు తెర మీద కనిపించింది.

"ఏం మామా, రెండు ముద్రలు ఏయించినావా?"

"ఒకటే కదప్పా."

కాగితం తిప్పి చూసినాడు. ఒకటే. అదీ అలుక్కుపోయింది. తెర మీద రెండోది మాత్రం గీతగీతా తేటగా ఉంది. అడ్డంగా కొడవలి గాటు. అక్క ఎడమ బొటనవేలిదే.

"నా కోడ్‌లోనే ఏందో తప్పుండాది," అని మళ్లీ పంపినాడు.

మూడు.

మళ్లీ... నాలుగు. ఒక్కో వరుసా పైకెక్కుతున్నాయి. నా పేరు వైపు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. గాలి లేదు. స్టాంపుప్యాడు సిరా వాసన... దాని వెనకే కట్టెలపొయ్యి మీద కాగే నీళ్ల వాసన.

గిరి బడి సైటు తెరిచినాడు. ఆ పొద్దున అందిన పిల్లల ఫోటోలు. ప్రతి నుదుటి మీదా నీలం ముద్ర... తడితడిగా. పెళ్లికొడుకుల ఫోటోలూ అంతే.

"మామా," గొంతు తగ్గించినాడు, "పెద్దమ్మ ఇది ఎప్పుడు ఏసినాది?"

నేను కాగితం లాక్కొని సంచిలో దోపినాను.

తెర మీది కాగితం తనంతట తానే మళ్లీ పోయింది. ఎవరూ మీట నొక్కలేదు. ఐదో ముద్ర సరిగ్గా నా పేరు మీద పడింది.

"తీసెయ్ రా," అన్నాను. "అంతా తీసెయ్."

ఆ ముక్కను మూడు సైట్లలోంచీ పీకేసినాడు. నేను బస్సెక్కినాను.

అక్క బతికుండగా రాయించిన అసలు వీలునామా లక్ష్మక్క ట్రంకుపెట్టెలో దొరికింది. నాలుగెకరాలు లక్ష్మక్కకు పోయినాయి. మేకలూ ఇత్తడి బిందే గిరికి. నాకేమీ రాలేదు. వాదించే ఓపిక కూడా లేదు.

నా కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. రాత అట్లే ఉంది. కింద ముద్ర లేదు.

నేను చదువుకున్నవాణ్ణి, జన్మలో కొడవలి పట్టలేదు. ఇప్పుడు నా ఎడమ బొటనవేలికి అడ్డంగా, ఎప్పుడో మానిన పాత గాటు ఒకటి ఉంది.