తల్లి పడుకున్న గోనె

ఆ వానాకాలం లుసాకాలో మా పేటకు కరెంటు చుట్టంచూపుగా వచ్చిపోయేది. దిక్కులేని కుక్కపిల్లల్ని తెచ్చి, నిలదొక్కుకునేదాకా సాకి, అడిగినవాళ్లకు ఇచ్చే పిచ్చి నాది. ఆ రోజు మార్కెట్ రోడ్డులో మూతపడిన బడ్డీ కొట్టు కింద నాలుగు దొరికాయి. తల్లిని లారీ గుద్దేసింది. పిల్లలింకా కళ్లు తెరవలేదు.

తల్లి వాసన తగలకపోతే అంత చిన్నవి పాలు తాగవు. అందుకే అది పడుకున్న గోనె కూడా తెచ్చి, ఉతక్కుండా పెట్టెలో పరిచాను. ఈ పని చేసేవాళ్లందరూ చేసేదే.

పక్కింటి మ్వీజా వాళ్లమ్మ గోడ మీదుగా చూసి ముక్కు మూసుకుంది.

"పెళ్లి చేసుకోవే లుషోమో అంటే కుక్కల్ని కంటున్నావు. ఏమిటా కంపు?"

"వీటి తల్లి పడుకున్న గోనె పిన్నీ."

"తల్లేదీ?"

"చచ్చిపోయింది."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "చచ్చినదాని పడక ఇంట్లోకి తేకూడదే. వెతుక్కుంటూ వస్తుంది."

"రానీ, పాలిచ్చి పోతుంది," అన్నాను. నా నోటికి హద్దెక్కడిది?

మూడు పిల్లలు సీసా పాలు తాగాయి. ముక్కు మీద తెల్లమచ్చ ఉన్న నాలుగోది చుక్క మింగలేదు. ఒళ్లు చల్లబడుతోంది. త్వరగా వెచ్చబడకపోతే ఇక దక్కదు. బల్బు కింద పెట్టబోయేసరికి కరెంటు పోయింది. వాన జల్లుకు వసారాలో బొగ్గుల కుంపటి ఆరిపోయింది. గతిలేక ఆ పిల్లను గుండెకు అదుముకుని, పెట్టెలోంచి ఆ గోనె తీసి ఇద్దరికీ కలిపి కప్పుకుని నేల మీదే ఒరిగాను.

మసక చీకటి కాస్తా చిక్కబడింది. తడి మట్టి వాసన. దానితోపాటు పులిసిన పాల వాసన. తలుపు దగ్గర ఏదో చప్పుడు... గోళ్లు నేలకు రాసుకుంటున్నాయి. ఒక కాలు ఈడుస్తోంది. పెట్టె కదిలింది. ఓ పిల్ల కుయ్యిమంది. చప్పుడు బయటికి పోయింది.

మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది...

లేవాలి. కాళ్లూ చేతులూ నా మాట వినడం లేదు. మూడోసారి వచ్చి వెళ్లాక పెట్టెలో ఏ అలికిడీ లేదు.

"పిన్నీ..." అన్నాను.

గోళ్ల చప్పుడు నా తల వెనక ఆగింది. మెడ మీద ఊపిరి తగిలింది... చల్లగా. ఆ తర్వాత ఏమీ తెలియదు.

కళ్లు తెరిచేసరికి కరెంటు వచ్చినట్టుంది, చెక్కల సందుల్లోంచి వీధి దీపం పడుతోంది. నేను మార్కెట్ రోడ్డులో, ఆ బడ్డీ కింద ఉన్నాను. మడమలు గీరుకుపోయి మండుతున్నాయి. పక్కన మూడు పిల్లలు వరసగా పడుకున్నాయి. వాటి మెడ వెనక బొచ్చు తడిసి ఉంది, పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. తెల్లమచ్చది నా గుండె మీద వెచ్చగా గురక పెడుతోంది. దాని మూతికి పాలు అంటుకున్నాయి. బతికింది. నాకు ఏడుపొచ్చేసింది.

చెయ్యి వెనక్కి పోనిచ్చి మెడ తడుముకున్నాను. తడిగా ఉంది. పళ్ల గుర్తులున్నాయి, ఎక్కడా రక్తం లేదు.

నోరెండిపోయి పెదాలు నాక్కున్నాను.

పాలు.