ఒకేలా ఉన్న పదకొండు చిత్రాలు

బందరు కొత్త రేవు వీధిలోని స్టూడియోలో ఆ ఉదయం గోడ తనంతట తానే వెలిగింది.

"నిన్నటి చూపులు మూడువేల నాలుగు వందలు. పదిహేడు ఉంచాను. మిగతావి ఒకేలా ఉన్నవి, చెడిపోయినవి. నలభై రోజుల తరవాత తుడిచేస్తాను," అంది.

"పదిహేడు కూడా ఎక్కువే. నిన్నంతా ఏం వెలగబెట్టాం గనక?" అంది సహస్ర, ఇడ్లీ తుంచుతూ.

"వెలగబెట్టిందేదో ఆ మిగతావాట్లోనే ఉందేమో, ఎవరు చూడొచ్చారు," అంది లాస్యమ్మ. అని, పొద్దుటినుంచి నాలుగోసారి అడిగింది. "పడవ నాలుక్కే కదూ?"

"నాలుక్కే అక్కా. నువ్వడిగినకొద్దీ అది ముందుకొస్తుందా?"

ఇద్దరూ తోటికోడళ్ళు. లాస్యమ్మకు అరవై రెండేళ్ళు, సహస్రకు యాభై ఏడు. అన్నదమ్ములు పెట్టిన స్టూడియోని ఆ అన్నదమ్ములు పోయాక వీళ్ళే నడుపుతున్నారు. పెళ్ళిళ్ళకు ఇద్దరూ కలిసే వెళతారు, చెరో పక్క నిలబడి తీస్తారు. ఇంటికొచ్చాకే దారులు వేరు.

సహస్రది మేళవి. ఆ మాటకొస్తే ఊరందరిదీ మేళవే. నుదుటి మీద పెసరగింజంత చూపుబొట్టు పెట్టుకోని మనిషి దాదాపు లేని కాలమది. పొద్దున లేచింది మొదలు ఆ బొట్టు చూసిందల్లా మేళవికి చేరుతుంది. అది ఏరుతుంది, ఒకేలా ఉన్నవాటిలో ఒక్కటి ఉంచుతుంది, మూసుకున్న కళ్ళు తెరుస్తుంది, వాడిన ముఖాలకు కళ దిద్దుతుంది, సాయంత్రానికి గోడ మీద వరసగా పేరుస్తుంది. పెళ్ళి చిత్రాలైనా అంతే. ఇళ్ళల్లో తగవు వస్తే జనం గోడ వైపే చూస్తారు. గోడ మీద లేనిది జరగనట్టే లెక్క.

లాస్యమ్మది అర. అదొక పాత సరంజామా. ఏదీ తీసేయదు, ఏదీ దిద్దదు. పేరు మనమే రాయాలి. రాయకపోతే ఒక అంకె వేసి ఊరుకుంటుంది. లాస్యమ్మ రాసే పేర్లు కూడా అందరిలా ఉండవు. 'మెట్ల మీద మిగిలిన చెప్పులు' అని ఒక అర. 'పిలిస్తే తిరిగినవాళ్ళు' అని ఇంకొకటి. "మా అక్క అరలో వెతకాలంటే ముందు మా అక్క బుర్రలో వెతకాలి" అని సహస్ర నలుగురిలో ఎగతాళి చేసేది. జిల్లాలో అర వాడేవాళ్ళు ఇక అయిదుగురే మిగిలారు. ఫొటోగ్రాఫర్ల సంఘం భోజనాల్లో వాళ్ళది వేరే బంతి.

లాస్యమ్మ మేళవి చేసిన చిత్రం చూడదు. పరాయి వాళ్ళదైనా, సొంతవాళ్ళదైనా. ఒకరకంగా అది ఆమె మడి. గోడ వెలిగితే వీపు తిప్పి కటకం తుడుచుకుంటూ కూర్చునేది. బొట్టు కూడా కుంకుమదే పెట్టుకునేది.

పదిన్నరకు మాణిక్యం వచ్చింది. లాస్యమ్మ ఒక్కగానొక్క కూతురు. పాత పేర్లు మళ్ళీ ముద్దొచ్చిన రోజుల్లో పుట్టింది గనక ముత్తవ్వ పేరు పెట్టారు. ఎనిమిదేళ్ళ క్రితం గుడివాడకు ఇచ్చారు. ఇప్పుడు మొగుడూ తనూ కడలిపేట వెళుతున్నారు. తీరానికి రెండు రోజుల ప్రయాణంలో సముద్రం మీద తేలే ఊరది, నాచు సాగు అక్కడి పని. అయిదేళ్ళ ఒప్పందం. ఈ మధ్యలో రావడానికి లేదు.

"కూర్చోవే. ఏమన్నా తింటావా? మందులు పెట్టుకున్నావా? అక్కడ కెరటాలకి తల తిరుగుతుందంటగా?" అంది లాస్యమ్మ.

"అన్నీ పెట్టుకున్నానమ్మా," అంది మాణిక్యం. ఎప్పటిలాగే మర్యాదగా, చుట్టాలింటికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల తీరే అది. ఏడాదికి రెండుసార్లు వచ్చేది, పళ్ళు తెచ్చేది, ఒక పూట ఉండి వెళ్ళిపోయేది. పెళ్ళయిన పిల్లలు అంతేనేమోలే అని లాస్యమ్మ మనసును జోకొట్టుకునేది.

"పిన్నీ, ఇందులో మా పెళ్ళి వేసిపెట్టు," అంటూ మాణిక్యం గోరంత పలక ఒకటి తీసింది. "మనిషికి ఒక్కటే పట్టుకెళ్ళనిస్తారు."

సహస్ర చిటికె వేసింది. గోడ మీద పెళ్ళి పరుచుకుంది. లాస్యమ్మ అలవాటు ప్రకారం వీపు తిప్పి గుడ్డ చేతిలోకి తీసుకుంది. మేళవి మడి ఒక్కటే కాదు కారణం. ఆ రోజు తలుచుకోవడమంటేనే ఆమెకు ఇప్పటికీ భయం. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వరస చూడలేదు.

"చూడమ్మా, పరవాలేదు. అప్పగింతల్లో నువ్వే అందరికంటే బాగా వచ్చావు," అంది మాణిక్యం. ఆ గొంతులో ఏదో పుల్ల విరిగినట్టయింది.

లాస్యమ్మ తిరిగి చూసింది. వెండి పళ్ళెం, పాలు, తల వంచుకున్న పెళ్ళికూతురు. ఆ పక్కన ఒకావిడ, పళ్ళన్నీ కనపడేలా పకపకా నవ్వుతోంది.

"ఎవరావిడ?"

"నువ్వే."

"నేనా? నేనెందుకు నవ్వుతానే? ఆ వేలెవరిది? నా చిటికెనవేలు ఎవరు సాపుచేశారు?"

కెమెరా నిలబెట్టే ముక్కాలిపీట మడతలో నలిగి ఎప్పుడో వంకరపోయిన తన కుడి చిటికెనవేలిని లాస్యమ్మ గోడకెదురుగా పట్టుకుంది. చిత్రంలో అది చక్కగా, తిన్నగా ఉంది.

"వేలు సంగతి సరే. నవ్వు సంగతి చెప్పు," అంది మాణిక్యం. "నేను తల ఎత్తకూడదన్నారు. ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు. చూడలేదు. నువ్వు కారు దాకా కూడా రాలేదు. నెలకి ఆల్బం వచ్చింది. బెంగపెట్టుకుని, నీ మొహం కోసమే ముందు ఆ చోటు తీశాను. ఇదుగో, ఇలా ఉన్నావు."

"మరి నన్నడగొద్దుటే?"

"ఏమని అడగను? నన్ను పంపిస్తూ ఎందుకేడవలేదే అని అడగనా?"

లాస్యమ్మ స్టూలు మీద చతికిలబడింది. ఆ రోజు తను కారు దాకా రాలేదు, నిజమే. అప్పగింతలు అవగానే వెళ్ళి వంటసామాను గదిలో అరటాకుల కట్టల వెనక నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. పిల్ల చూస్తే ఇంకా బెంగపడుతుందని. ఏ మనిషి వెళ్ళిపోతున్నా ఆమె పద్ధతి అదే. కెమెరా ఉంటే కెమెరా వెనక, లేకపోతే తలుపు వెనక.

"అక్కా," అంది సహస్ర మెల్లిగా. "తప్పు నాది. నీ మొహం ఉన్నవి ఏవో నాలుగే ఉంటే అన్నీ చెడిపోయాయంది మేళవి. ఏడుపుని అది మరకలాగే లెక్కేస్తుంది గదా. పొద్దున టిఫిన్ల దగ్గర నా ఉప్మాని చూసి నవ్వావే, ఆ మొహం తెచ్చి ఇక్కడ పెట్టింది. ఆరువందల చిత్రాలు. నేనూ ఒకసారి తిప్పి, నవ్వుతోందిగా, మంచిదేగా అనుకున్నాను."

"ఆ నాలుగూ తియ్యి."

"నలభై రోజులకే పోయాయక్కా." సహస్ర గోడ వైపు తిరిగింది. "కావాలంటే ఇప్పుడు ఏడిపించొచ్చు. ఒక్క మాట చెబితే చాలు."

గోడ ఆ మాట అందుకుంది. "కన్నీరు ఎంత? చెమ్మ, చుక్క, ధార."

"ధారే పెట్టించు పిన్నీ. నా పడవ దాకా వస్తుంది," అంది మాణిక్యం. నవ్వబోయి నవ్వలేకపోయింది.

లాస్యమ్మకు ఒళ్ళు మండింది. ఆ కోపంలో మేళవి వాటా సగమే. ఈ చిత్రం తన వెనక గోడ మీద ఎన్నిసార్లు వెలిగి ఉంటుంది? ఒక్కసారి తల తిప్పి ఉంటే మర్నాడే బస్సెక్కి గుడివాడ వెళ్ళేది. ఇప్పుడు నిజంగానే ఏడ్చానని ప్రమాణం చేసినా, నిజాన్ని చూపించమంటే దొంగ చిత్రమే దిక్కు. అది చూసి ఈ పిల్ల నమ్ముతుందా? పదకొండు దాటింది. పడవ నాలుక్కి.

"ఉండక్కా," అని సహస్ర ఉలిక్కిపడి లేచింది. "అప్పగింతలు నేను నా కెమెరాతో పూర్తిగా తియ్యలేదు! పాలపళ్ళెం దగ్గర ఆ నాలుగూ తీసేసరికి నా దాంట్లో చార్జి అయిపోయింది. నీ పాత కెమెరా లాక్కుని తీశాను. ఆ సాయంత్రమే చిప్పు నీ చేతికిచ్చాను. నీవి, నీ అరలో వేసుకోమన్నాను."

లాస్యమ్మకు గుర్తే. వేసుకుంది. తెరవకుండానే వేసుకుంది. పేరు రాయడానికి చెయ్యి రాలేదు. అర దానికి నాలుగువేల నాలుగువందల పదిహేడు అని అంకె వేసి ఊరుకుంది. పారేయకుండా దాచడం తన గొప్ప అని ఇన్నాళ్ళూ అనుకుంది. విప్పి చూడని మూట ఇంట్లో ఉంటేనేం, ఏట్లో ఉంటేనేం?

మూలనున్న పాత తెర ముందు ముగ్గురూ కూర్చున్నారు. ఆ అంకె కింద పదకొండు చిత్రాలున్నాయి. అర వాటిని పక్కపక్కన పేర్చదు. మీట నొక్కితే ఒకటి, మళ్ళీ నొక్కితే ఇంకొకటి.

సహస్ర నుదుటి బొట్టులోంచి మేళవి తొంగిచూసింది కాబోలు, గోడ పలికింది. "ఇవి పదకొండూ ఒకేలా ఉన్నాయి. ముఖాలు లేవు. ఒక్కటి ఉంచనా?"

"నోర్మూసుకో," అంది సహస్ర. ఇన్నేళ్ళలో దాన్ని ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

నిజంగానే ముఖాలు లేవు. సహస్ర బాగా దగ్గరికి జరిగి తీసింది. పళ్ళెం మీద పాలు కారుతున్న చేతుల కుప్ప. మధ్యలో మాణిక్యం చెయ్యి. దాని మణికట్టును పైనుంచి ఒక చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పట్టుకున్న చేతి చిటికెనవేలు వంకర.

లాస్యమ్మ మీట నొక్కింది. అదే చెయ్యి. మళ్ళీ నొక్కింది. అదే. ప్రతి చిత్రం కిందా తీసిన వేళ అర రాసిపెట్టింది. అయిదో చిత్రంలో ఎవరో పెద్దావిడ వేళ్ళు వచ్చి ఆ పట్టు విడదీయబోతున్నాయి. ఆరో చిత్రంలో పట్టు ఇంకా బిగిసింది. ఆకుపచ్చ గాజు ఒకటి చిట్లి, ముక్క పాలలో పడింది. మాణిక్యం చర్మం మీద సన్నని ఎర్ర గీత. ఏడు, ఎనిమిది, తొమ్మిది. చెయ్యి వదలలేదు. పదకొండో చిత్రానికి దాదాపు రెండు నిమిషాలు గడిచాయి.

మాణిక్యం తన ఎడమ మణికట్టు తిప్పి చూసుకుంది. వెంట్రుకంత తెల్లటి మచ్చ అక్కడ ఇప్పటికీ ఉంది.

"ఇది నువ్వా అమ్మా?"

"నేనేనే. వదలాలనే అనుకున్నాను. చెయ్యి మాట విన్లా."

"ఆ చెయ్యి మా అత్తయ్యదనుకున్నాను," అంది మాణిక్యం.

ఆ తరవాత తెరతో చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

"గడప దాటకముందే గాజు గుచ్చేసి లాక్కుంటోంది, ఈవిడ దగ్గర ఎలా బతకాలిరా అనుకున్నాను. ఒక్కరోజు కూడా ఆవిణ్ణి నా చెయ్యి ముట్టుకోనివ్వలేదు. గోరింటాకు పెడతానంటే వద్దన్నాను. పోయిన మాఘంలో, ఆఖరి రోజుల్లో, మంచినీళ్ళిస్తే గ్లాసుకి బదులు నా చెయ్యి పట్టుకోబోయింది. గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను."

సహస్ర ముక్కు చీదింది. లాస్యమ్మ మీట మీద వేలు ఉంచి మొదటి చిత్రానికి వెళ్ళింది. ఫొటోగ్రాఫర్ కన్ను గనక, ఇందాక తను చూడనిది ఇప్పుడు కనిపించింది.

"ఇటు చూడు. కింద చూడు."

మాణిక్యం చేతికి అడుగున రెండు అరచేతులున్నాయి. బంగారు గాజులు, వయసు మచ్చలు. అవి పట్టుకోలేదు, లాగలేదు. దోసిలిలా ఆనించి ఉన్నాయి. రెండో చిత్రంలోనూ అలాగే ఉన్నాయి. పదకొండు చిత్రాల్లోనూ ఆ దోసిలి కదల్లేదు. పాలు మోచేతుల దాకా కారి చీర తడుస్తోంది. మాణిక్యం అత్తగారు అలాగే ఎదురుచూస్తోంది.

మాణిక్యం ఆ పదకొండూ వరసగా మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఒక్కటి మాత్రమే చూస్తే అందులో ఏమీ లేదు, తడిసిన చేతులు తప్ప.

"పిన్నీ, పలకలో పెళ్ళి వద్దు," అంది చివరికి. "ఇవి వెయ్యి. పదకొండూ. వరస తప్పకుండా."

మూడున్నరకు రేవులో ఎండ ఇంకా చురచురలాడుతోంది. సామాను ఎక్కించి అల్లుడు పైనుంచి చెయ్యి ఊపుతున్నాడు. లాస్యమ్మ మెడలోంచి పాత కెమెరా తీసి తోటికోడలికి ఇచ్చింది. తీసినప్పుడు మెడ మరీ తేలికై, ఏదో భయం వేసింది. దాక్కోవడానికి ఇక ఏమీ లేదు.

"ముఖంలో చెడిపోయిన భాగం దిద్దనా?" అంది మేళవి సహస్ర నుదుటి మీదనుంచి. సహస్ర చూపుబొట్టు ఊడదీసి, స్నానానికి వెళ్ళేటప్పుడు అద్దానికి అంటించినట్టు, రేవు స్తంభానికి అంటించింది. కెమెరా కంటికి ఆనించుకుంది.

లాస్యమ్మ ముఖం నిజంగానే చెడిపోయి ఉంది. ముక్కు ఎర్రబడింది, పెదవి ఒక పక్కకు లాగేసింది. కూతురు ఆ ముఖం వైపు కన్నార్పకుండా చూస్తోంది, ఎనిమిదేళ్ళ ఆకలితో.

"వేళకి తిను. తడి తలతో పడుకోకు. కెరటం పెద్దదొస్తే బయటికి రాకు..."

"సరేనమ్మా."

పడవ కూత వేసింది. లాస్యమ్మ చెయ్యి కూతురి మణికట్టును పట్టుకుంది, సరిగ్గా ఆ మచ్చ మీద. వదలాలనే అనుకుంది. వంకర చిటికెనవేలు బిగుసుకుంది. రెండో కూత వినిపించింది. పైనుంచి అల్లుడు పిలుస్తున్నాడు. పక్కన నిలబడిన ఎవరో, "ఇక వదలండమ్మా," అన్నారు.

మాణిక్యం చెయ్యి లాక్కోలేదు. రెండో చెయ్యి తెచ్చి, తల్లి చేతి కింద అరచెయ్యి చాపి ఆనించి, ఎదురుచూస్తూ నిలబడింది.