నీళ్ళలో పెట్టిన చెయ్యి

"అబ్బాయిరాజుగారు మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టారంట! అప్పుడు కొడుకుని మింగింది, ఈసారి ఎవరి వంతో ఏంటో..." అని పక్కింటి అప్పాయమ్మ పంపు దగ్గర నలుగురిలో అందిట. పాలు పోసే ఏసమ్మ ఆ మాటను పాలతో పాటే తెచ్చి సుభద్రమ్మ గడపలో దింపి, "నేను చెప్పానని అనకండి అమ్మగారూ, ఆయ్!" అంటూ చక్కా పోయింది.

సుభద్రమ్మ పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెరట్లోంచి చిన్న మోటారు చప్పుడు సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటే చాలు, ఆమెకి ఆ తెల్లవారుజామే గుర్తొస్తుంది...

ఐదేళ్ళ కిందటి మాట. తమ రొయ్యల చెరువులో గాలి కొట్టే చక్రాలు ఆగిపోయాయని తెల్లవారుజామున కబురొచ్చింది. భర్త అబ్బాయిరాజు మూడు రోజులుగా జ్వరంతో మూలుగుతున్నాడు. ఆయన్ని లేపడానికి మనసొప్పక సుభద్రమ్మే కొడుకుని తట్టి లేపింది. "విస్సూ! ఒక్కసారి వెళ్ళి ఆ స్విచ్చి చూసి రా నాన్నా!" అంది. కళ్ళు నులుముకుంటూ వెళ్ళిన బిడ్డ తిరిగి రాలేదు! తెగిన కరెంటు తీగ తడిగట్టు మీద పడి ఉంది... శవం చుట్టూ చేరినవాళ్ళు "చీకటితో పిల్లాణ్ణి ఎవరు పంపారు?" అని అడిగితే ఆమె నోరు పెగల్లేదు. జ్వరంతో వణుకుతూనే ఆయన అన్నాడు: "నేనే పంపాను."

అంతే! ఆ ఒక్క మాటతో ఊరు ఆయన చేతికి పేరు పెట్టేసింది. కొత్త చెరువులో చేపపిల్లని వదిలేటప్పుడు మొదటి దోసిలి మంచి చెయ్యి ఉన్నవాళ్ళ చేత వదిలించడం ఆ ఊరి ఆనవాయితీ. అంతకుముందు సగం చెరువులకి మొదటి దోసిలి రాజుగారిదే. ఆ తర్వాత ఒక్కరంటే ఒక్కరు పిలవలేదు. ఊరి సంగతి సరే, కూతురు ప్రణతి! అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్ల. అన్నయ్యని పంపింది నాన్నేనని తెలిసిన రోజు నుంచి తండ్రితో మాట మానేసింది. ఫీజు కావాలన్నా తల్లితోనే చెప్పించేది. నిజం చెప్పేద్దామని సుభద్రమ్మ ఎన్నిసార్లు అనుకుందో! రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం, సంవత్సరీకం వెళ్ళాక చెబుదాం... ఐదేళ్ళు ఇట్టే గడిచిపోయాయి.

భీమవరంలో బీఎస్సీ చదువుతున్న ప్రణతి ఒకరోజు నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన నాలుగు కాగితాలు పట్టుకొచ్చింది. కింద చేపల తొట్టి, పైన కంకరలో మొక్కలు. తొట్టిలో నీళ్ళు మోటారుతో పైకెక్కిస్తే చేపల మురికి మొక్కలకి ఎరువవుతుందట. మొక్కలు శుభ్రం చేసిన నీళ్ళు మళ్ళీ చేపల్లోకే దిగుతాయట. పిల్ల ఒక్కతే మొండిగా మొదలెట్టింది. నూతిలో దించే సిమెంటు వరలు రెండు పేర్పించి, అడుగున సిమెంటు చేయించింది. నీలం డ్రమ్ముని నిలువునా కోయించి, బల్ల మీద పెట్టి కంకర పోసింది. పాత కూలర్లోంచి మోటారు పీకింది. అబ్బాయిరాజు అరుగు మీంచి అంతా చూసేవాడు...

ఒకరోజు ఆమె కాలేజీకి వెళ్ళగానే ఆయన లేచాడు. ముప్ఫయ్యేళ్ళు చెరువులకి చేసిందే ఈ తొట్టికీ చేశాడు. తట్టెడు పేడ, రెండు దోసిళ్ళ సూపరు ఫాస్ఫేటు ఎరువు, మీద గుప్పెడు సున్నం!

సాయంత్రం ఆ కంపుకి ప్రణతి పుస్తకాలు కింద పడేసింది. "ఇది చెరువు కాదు నాన్నగారూ! వర! నాలుగడుగుల వర! ఇందులో ఎవరైనా తట్టెడు పేడ వేస్తారా?"

"మరి... నీళ్ళు పచ్చబడాలి కదమ్మా!"

"పచ్చబడితే నా చేపలు నల్లబడతాయి!"

"అయితే నువ్వే నేర్పు," అన్నాడాయన తల దించుకుని.

ఐదేళ్ళ తర్వాత తండ్రిని పిలిచిన పిలుపు! వంటింట్లో సుభద్రమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తొట్టి పచ్చగా బతికితే చాలు, ఈ తండ్రీ కూతుళ్ళు మళ్ళీ మనుషులవుతారు! అంతకంటే ఏ దేవుణ్ణీ ఏమీ అడగనని మొక్కుకుంది.

తొట్టి కడిగారు, మళ్ళీ నింపారు. నీళ్ళు కుదురుకునేదాకా నెల రోజులు ఓపికపట్టి, బంధువుల చెరువు నుంచి నలభై శీలావతి చేపపిల్లల్ని తెచ్చారు. "మొదటి దోసిలి మీదే," అంది ప్రణతి. ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "నా చెయ్యి వద్దమ్మా..." "మీరు వదిలితేనే వదులుతాను, లేకపోతే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను!" ఆయన వదిలాడు. కంకరలో తోటకూర లేచింది, బచ్చలి పాకింది, దాంతో పాటే పంపు దగ్గర అప్పాయమ్మ మాటా పాకింది.

ఒక మధ్యాహ్నం సుభద్రమ్మ బచ్చలి కోద్దామని తడి డ్రమ్ము మీద చెయ్యి వేసింది. జిల్లుమంది! కరెంటు మోచేతి దాకా లాగేసింది! వెనక్కి పడిపోయి, చాలాసేపు మట్టిలోనే కూర్చుండిపోయింది. విస్సుకి కూడా మొదట ఇలాగే అనిపించిందా...?

చెబితే ఆ పూటే మోటారు పీకేస్తారు. తొట్టి పోతుంది. తొట్టితో పాటు ఇంట్లో మొలిచిన మాటలూ పోతాయి! అందుకని చెప్పలేదు. కాసేపైనా ఆ కరెంటు ఆగుతుందని, మర్నాటి నుంచి ఆయన భోజనం చేసి నడుం వాల్చగానే, చెప్పులు వేసుకుని, ఎండుపుల్లతో స్విచ్చి ఆపేది. కూతురి బస్సు వచ్చే వేళకి మళ్ళీ వేసేది. రెండు గంటలు ఆపితే ఏమవుతుందిలే! కానీ నీళ్ళలో గాలి చాలక చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం మొదలెట్టాయి. ఒకరోజు రెండు చచ్చాయి, ఇంకోరోజు ఐదు.

"మోటారు ఆగిందా అమ్మా?"

"కరెంటు పోయిందమ్మా."

ఎంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం! ఆమెకే భయమేసింది. నిజంగా కరెంటు భయమేనా? తండ్రీ కూతుళ్ళు తొట్టి మీదికి వంగి నవ్వుకుంటుంటే, ఏదో ఒకనాడు ఈ పిల్ల "ఆ రోజు అన్నయ్యని ఎందుకు పంపారు నాన్నగారూ?" అని అడిగేస్తుందేమో అనే భయమూ ఉండేది. ఆ ఆలోచనని ఆమె ఎప్పుడూ చివరిదాకా సాగనివ్వలేదు...

ఆ శుక్రవారం ఎండ మండిపోతోంది. స్విచ్చి ఆపి గుమ్మంలో చేరగిలబడిన సుభద్రమ్మకి కళ్ళు మూతపడ్డాయి. గంట ఆలస్యంగా వచ్చిన బస్సు హారనుకి ఉలిక్కిపడి లేచేసరికి అంతా అయిపోయింది! నీళ్ళ మీద తెల్లటి పొట్టలు... ఒక్కటీ కదలడం లేదు.

గోడ మీంచి అప్పాయమ్మ తల పైకొచ్చింది. "అయ్యయ్యో! నేననలేదూ? చూసినవాళ్ళం కాబట్టి చెబుతాం గానీ!"

అబ్బాయిరాజు వచ్చి ఒక్కొక్క చేపనీ ఏరి బేసిన్లో వేయసాగాడు. "నేను ముందే చెప్పాను కదమ్మా... నా చెయ్యి," అన్నాడు.

ప్రణతి ఒక అడుగు వెనక్కి వేసింది. ఒక్క అడుగే! కానీ ఆ కళ్ళు... ఐదేళ్ళ కిందట శవం పక్కన తండ్రిని చూసిన కళ్ళు! సుభద్రమ్మ ఇక భరించలేకపోయింది.

"ఆయన చెయ్యి కాదే! నాది! రోజూ మోటారు ఆపుతున్నది నేను... తొట్టి దగ్గర నన్ను కరెంటు కొట్టిందే, భయమేసింది! ఆ రోజు... ఆ రోజు మీ అన్నయ్యని లేపి పంపిందీ నేనే! ఆయన ఒళ్ళు తెలియని జ్వరంతో పడి ఉన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనకూడదని ఆ మాట నెత్తిన వేసుకున్నారు. నేను... వేసుకోనిచ్చాను!"

అప్పాయమ్మ తల గోడ వెనక్కి దిగిపోయింది.

"నాన్నగారూ... నిజమా?" అడిగింది ప్రణతి. ఆయన చివరి చేపని బేసిన్లో వేసి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు. సుభద్రమ్మ ఆయన పాదాల మీద పడిపోయింది.

"మోటారు సంగతి మొదటి రోజే చూశాను. మధ్యాహ్నం నాకు నిద్రెక్కడ పడుతుంది?" అన్నాడు నెమ్మదిగా.

"చూశారా...! మరి తెలిసీ ఒక్క మాటైనా అనలేదేమండీ? అన్నీ చచ్చిపోయేదాకా ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన బేసిన్ ఎత్తుకున్నాడు.

"నువ్వు ఎంతకాలం చెప్పకుండా ఉండగలవో చూద్దామని."