సామేలు పేరున్న కంప్యూటర్

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి రత్నమణి కూతురి మొహం వంక చూసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎస్తేరు గ్లాసు అందుకుని, అంచు కింద చెక్కిన అక్షరాల మీద బొటనవేలు ఆనించి పట్టుకుంది. ‘సామేలు జ్ఞాపకార్థం’ అని ఉంటుంది అక్కడ. చిన్నప్పటి నుంచీ అంతే, ఆ అక్షరాలు మూసిపెట్టే కాఫీ తాగుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఇంట్లో ఆ పేరు లేని వస్తువు వెతకాలంటే కష్టం. బిందె మీద ఉంది, అన్నం గిన్నె మీద ఉంది, చుట్టాల పెళ్లిళ్లకు చదివించిన స్టీలు సామానంతటి మీదా ఉంది. చర్చికి ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద ఎర్రరంగుతో రాయించారు. జమ్మలమడుగు బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన ఎస్తేరు తండ్రి దేవపాలును దూరం నుంచి చూడగానే మిషను బయటికి తీసేవాడు. ఏం పేరు కొట్టాలని అడగడం ఎప్పుడో మానేశాడు.

సామేలు దేవపాలు కొడుకు, ఎస్తేరుకు అన్న. పదిహేనేళ్ల కిందట, ఎలక్షన్ రోజున, పెద్దముడియం పక్కన ఒక ఊళ్లో పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చోవడానికి పోతుంటే అవతలి వర్గం వాళ్లు జీపు మీద బాంబులేశారు. మీసం సరిగా రాని వయసు. అప్పుడు ఎస్తేరు ఒకటో తరగతి. అన్న భుజాల మీద ఎక్కి రథం చూసినట్టు ఒక జ్ఞాపకం ఉంది ఆమెకు. మిగతా అన్నంతా గిన్నెల మీద చదువుకున్నదే.

“తెరుచుకున్యాదా?” అడిగింది రత్నమణి.

“ల్యా మ్మా. అదే పాట పాడతాండాది.”

మూల బల్ల మీద కంప్యూటర్ ఉంది. తెరంతా సామేలు ఫోటో, పాత రేషన్ కార్డు ఫోటోను పెద్దది చేయించినది, ముక్కూ మొహం కాస్త అలుక్కుపోయింది. దాని మీద చిన్న ఎర్ర గుర్తుతో ఒక హెచ్చరిక నిలబడి ఉంది.

ప్రొద్దుటూరులో ఒక కంటి ఆసుపత్రి ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి చూపు మందగించి ఉంటుంది, గోడ మీద ఎవరి టోకెన్ నంబరు వచ్చిందో కనపడదు, తొక్కులాటలో ముసలివాళ్లు కింద పడతారు. తెర నిండా ఒక్కటే అంకె, చేటంత సైజులో, దాంతోపాటు తెలుగులో పిలుపు వచ్చేట్టు ఎస్తేరు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. నడిపించి చూపిస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. ఈ రోజు మధ్యాహ్నమే చూపించాలి. కాలేజీ ల్యాబులో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇంట్లో మాత్రం కదలనంటోంది. తెర మీద కిటికీలూ మీటలూ చూపించడానికి పైథాన్‌కు విడిగా ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ఫైళ్ల కట్ట, ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు అంతా బాగుందంటుంది. నడపగానే, ఆ కిటికీ తెరిచే ఫైలు దొరకలేదంటుంది. ఫైలేమో కళ్లెదురుగానే ఉంది. ఎస్తేరు తీసేసి మళ్లీ వేసింది. పాత రకం వేసింది, కొత్త రకం వేసింది. నెట్‌లో ఎవరెవరో చెప్పిన చిట్కాలన్నీ చేసింది. ఇక చేయడానికి ఓపిక లేదు.

ఇంతలో దేవపాలు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. ఆ చొక్కా ఆయన చర్చికీ, పెద్దాయన ఇంటికీ తప్ప వేసుకోడు.

“ఇంకా స్నానం చేయల్యా? పది గంటలకు పెద్దాయన ఇంటికాడ ఉండాల పాపా.”

“నాయనా, నేను ప్రొద్దుటూరు పోవాలని నిన్ననే చెప్పినా.”

“పోయి ఏం చూపిస్తావు? ఆ పెట్టె నీ మాట యినట్ల్యా. పెద్దాయన నా మాట యింటాడు. ఈసారి మనోళ్లు గెలిచినారు. పంచాయతీ ఆఫీసులో పోస్టు ఉండాదంట. సామేలు చెల్లెలంటే కాదనరు.”

పెద్దాయన అంటే వాళ్ల వర్గం నాయకుడు. సామేలు శవపేటికను భుజాన మోశాడు, నీ కుటుంబం నాదీ అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని దేవపాలు ఇన్నేళ్లూ ఆ ఇంటి వరండాలో బెంచీ అరగదీశాడు. ఓడినప్పుడు గెలవనీ అన్నారు, గెలిచినప్పుడు రేపు రా అన్నారు. పాపం, ఆయనకు విసుగు రాలేదని కాదు. వచ్చిన విసుగు ఎవరి మీద చూపించాలో తెలియక బెంచీ మీద ఇంకాస్త వెనక్కి వాలి కూర్చునేవాడు, అంతే.

“నాకు ఆ పోస్టు వద్దు నాయనా.”

“వద్దంటే ఏంది? ఊరికే వస్తాందా అది? నా కొడుకు పానం పెడితే వస్తాండాది!”

ఎస్తేరు గ్లాసు కింద పెట్టి మళ్లీ కంప్యూటర్ ముందుకు పోయింది. దేవపాలు గొణుక్కుంటూ చెప్పులేసుకుని, ఆటో మాట్లాడుకొస్తానని వీధిలోకి పోయాడు.

ఆయన అటు పోగానే హఫీజా ఫోన్ చేసింది. కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ, ఇప్పుడు పులివెందులలో వాళ్ల మామ మెడికల్ షాపులో బిల్లులు కొడుతోంది. ఎస్తేరు తెరను ఫోటో తీసి పంపిన తర్వాత ఆ పిల్ల కూడా నిద్ర మానుకుని వెతికినట్టుంది.

“మే ఎస్తేరూ, ఫోటో సరిగా చూడలేదు మే నేను. ఫైలు యాడుండాదో దావ చూపిస్తాది కదా, దాంట్లో మధ్యలో అన్నీ డబ్బాలు డబ్బాలుగా వచ్చినాయి. ఆడ ఏముండాది?”

“యూజర్ పేరు. అన్న పేరు.”

“తెలుగులోనా?”

“తెలుగులోనే. సామేలు జ్ఞాపకార్థం అని.”

అవతల హఫీజా మెల్లగా అంది. “కొంప మునిగింది ఆడనే మే. ఈ లైబ్రరీకి తెలుగు అక్షరాల ఫోల్డరు తెలీదు. దాని లోపల ఏం పెట్టినా దానికి కనపడదు. నీ ప్రోగ్రాం బాగుండాది, లైబ్రరీ బాగుండాది. ఆ పేరు కింద పెట్టినావు, అదే తప్పు.”

ఎస్తేరుకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంజనీరింగులో చేరిన ఏడు ఈ కంప్యూటర్‌ను ప్రొద్దుటూరులో కమాల్ బాషా షాపులో సెకండ్‌హ్యాండుకు కొన్నారు. విండోస్ వేస్తూ, ఎవరి పేరు పెట్టమంటావు దేవపాలన్నా అని కమాల్ బాషా అడిగాడు. ఎస్తేరు నోరు తెరిచే లోపలే దేవపాలు జేబులోంచి ఆ పేరు రాసిన కాగితం తీసి, గిన్నెల వాడికి ఇచ్చినట్టే ఇచ్చాడు. తెలుగులోనే ఉండాలని మరీ మరీ చెప్పాడు. కమాల్ బాషా మొహమాటానికి పోయి, ఫోన్‌లో చూసుకుంటూ అక్షరం అక్షరం ఎక్కించాడు.

“పేరు మార్చేస్తే సరిపోతాదా?”

“పైన పేరు మారుతాది గానీ లోపల ఫోల్డరు మారదు. వేరే దావలుండాయి, ఒక్కోటి ఒక్కో తలనొప్పి. కొత్త అకౌంట్ చేసుకో. నీ పేరుతో. ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా. దాంట్లోకి పోయి మళ్లీ అన్నీ ఎక్కించు. గంటలో అయిపోతాది.”

కొత్త ఖాతాకు పేరు అడిగిన చోట ఎస్తేరు వేళ్లు కాసేపు ఆగాయి. Esther అని కొట్టింది. తెర ఒకసారి నల్లబడి, కాస్త ఆలోచించి, వెలిగింది. సామేలు ఫోటో లేదు. ఉత్త నీలం రంగు. ఆమెకు గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. ఫోన్‌లో నెట్ పెట్టుకుని పైథాన్ ఎక్కించింది. లైబ్రరీ దిగుతుండగా దేవపాలు తిరిగొచ్చాడు.

“ఆటో వచ్చినాది, లే...” అంటూ ఆయన తెర వంక చూశాడు. “వాని ఫోటో యాడ?”

“నాయనా, అది...”

“నా కొడుకు యాడ? తీసేసినావా? తుడిచేసినావా వాన్ని?”

“తుడిచేయల్యా నాయనా, చెప్పేది యిను...”

ఆయన వినలేదు. రెండంగల్లో గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పట్టి లాగేశాడు. కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. దాని లోపలి ఫ్యాను గరగర కూడా లేక ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది. వైరు చేతిలో పట్టుకుని దేవపాలు వగరుస్తున్నాడు.

ఎస్తేరు నల్లటి తెరను చూస్తూ లేచి నిలబడింది. అరిచే ఓపిక కూడా లేదు ఆమెకు. మామూలు గొంతుతోనే అంది.

“ఈ ఇంట్లో యాడ చూసినా అన్న పేరే. నీళ్లు తాగినా వాని పేరే, అన్నం తిన్యా వాని పేరే. బయటికి పోతే నేను సామేలు చెల్లెల్ని. స్కూల్లో సార్లు అట్లనే పిలిచినారు, చర్చిలో అట్లనే పిలుస్తారు. ఇప్పుడు ఉద్యోగం కూడా అట్లనే తీసుకోమంటాండావు. సచ్చిపోయినోని పేరు ఇన్ని గిన్నెల మీద కొట్టిస్తివే, బతికుండే దాని పేరు ఒక్క చెంచా మీదన్నా కొట్టిస్తివా నాయనా? నేను కూడా సచ్చిపోతే కొట్టిస్తావా?”

“ఎస్తేరూ!” అని గట్టిగా అరిచి నోటి మీద కొంగు పెట్టుకుంది రత్నమణి.

దేవపాలు మొహం పాలిపోయింది. “చూసినావా రత్నా, ఎంత మాటనిందో? వాని పేరు లేకుండా చేస్తే నాకింకేముండాది?”

రత్నమణి వంటింటి గడప దాటి వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొడుకు పోయిన రోజు ఏడ్చిన ఏడుపు తర్వాత ఆమె గొంతు ఎత్తడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

“వాని పేరు యాడికీ పోదు. నేను కన్యాను వాన్ని. ఈ గిన్నెలన్నీ పాత సామానోళ్ల గుజిరీకేసినా పోదు. కానీ నువ్వు ఆ పేరు ఎత్తుకపోయి ఆ గడప కాడ పెట్టి పోస్టు అడుక్కుంటాండావు సూడు, పేరు పోయేది ఆడ. ఎలక్షన్‌కు పంపి వాన్ని మింగినోళ్లనే పోయి, వాన్ని చూపించి అడుగుతావు. ఇప్పుడు దీన్ని కూడా ఆ బెంచీ మీద కూచోబెట్టల్లంటావు. ఒకరినిచ్చినాము, సాల్దా?”

దేవపాలు గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా నలిగింది. బయట ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి, విసుక్కుని పోయాడు.

“నాకు తెలీదా రత్నా?” అన్నాడు చివరికి. “ఆయప్ప ఏం చేయడని నాకు తెలీదా? పోకుంటే... వాడు ఉత్తగ పోయినాడని ఒప్పుకోవాల గదా. అది నాతో కాదు.”

ఆ మాటకు ఎస్తేరుకు కోపమంతా నీరుగారిపోయింది. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లుగా తన మీద పడుతున్న నీడ సామేలుది అనుకుంది గానీ, దాన్ని మోస్తున్నది ఈ ముసలాయన అని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

“అన్నను తీసేయల్యా నాయనా. వాని పేరు కింద నా పని నడవట్ల్యా, పక్కన నాకు వేరే చోటు చేసుకున్యా. అంతే. ప్లగ్గు పెట్టి సూడు.”

దేవపాలు ఆమెను చూశాడు, చేతిలో వైరును చూశాడు. మోకాళ్ల మీద చెయ్యి ఊని లేచి, తనే ప్లగ్గు పెట్టి, తనే మీట నొక్కాడు. కంప్యూటర్ గరగరమంటూ మొదలైంది. ఇదివరకు తిన్నగా ఫోటో మీదికి పోయేది, ఇప్పుడు మధ్యలో ఆగింది. తెర మూలన రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి. పైది ఆయన చదువుకోగలడు.

“సామేలు,” అన్నాడు వేలు పెట్టి. వేలు కిందికి దించాడు. “ఇదేంది?”

“నా పేరు నాయనా.”

“ఇద్దరూ ఉండారా?”

“ఇద్దరమూ ఉండాము.”

ఆయన ఆ రెండు పేర్ల వంకా చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకోలేదు, కారుతుంటే కారనిచ్చాడు. తర్వాత వేలితో కింది పేరు చూపించి, “నీ దాంట్లోకి పో. పని చేసుకో,” అన్నాడు.

ఆగిపోయిన లైబ్రరీని ఎస్తేరు మొదటి నుంచీ ఎక్కించింది. ప్రోగ్రాం నడిపింది. ఎర్ర గుర్తు రాలేదు. తెర నిండా తెల్లటి కిటికీ తెరుచుకుంది, దాని మధ్య చేటంత ఒకటి అంకె. “ఒకటో నంబరు వాళ్లు లోపలికి రండి” అని రికార్డు చేసిపెట్టిన ఎస్తేరు గొంతే పలికింది. రత్నమణి ఉలిక్కిపడి లోపలికి రెండడుగులు వేసింది కూడా. వేసి, సిగ్గుపడి నవ్వింది. ఆ పొద్దు ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఆసుపత్రి కంప్యూటర్‌లో మళ్లీ ఏ పేచీ వస్తుందోనని, తెర ఇంట్లో వదిలేసి సీపీయూ డబ్బా మొత్తం మోసుకుపోవడమే మేలనుకున్నారు. రత్నమణి పాత దుప్పటిలో మూటగట్టింది. ప్రొద్దుటూరు బస్సులో దేవపాలు దాన్ని ఒడిలో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నేను పట్టుకుంటా నాయనా అంటే ఇవ్వలేదు.

దావలో ఆయన ఫోన్ మోగింది. పెద్దాయన దగ్గరుండే మనిషి. గొంతు బయటికే వినపడుతోంది.

“ఏమప్పా దేవపాలూ, యాడుండావు? పెద్దాయన అడుగుతాండాడు. సామేలు చెల్లెల్ని పిల్సుకొస్తానంటివి కదా?”

దేవపాలు పక్కకు తిరిగి చూశాడు. రాత్రంతా నిద్ర లేని కూతురు కిటికీ కమ్మీకి తల ఆనించి కునుకు తీస్తోంది. ఆయన మూటను కాస్త దగ్గరికి లాక్కుని, ఆమె లేవకుండా మెల్లగా చెప్పాడు.

“మేము రాము లేప్పా. ప్రొద్దుటూరు పోతాండాము. మా పాపకు ఆడ పనుండాది.” ఫోన్ పెట్టబోయి మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఇంగోటి. దాని పేరు ఎస్తేరు.”

ఎస్తేరు కళ్లు తెరవలేదు. నిద్రపోతున్నట్టే ఉంది గానీ, మూసిన కళ్లలోంచి నీళ్లు చెంప మీదికి జారుతున్నాయి.